ఆకాకర మగ తీగ కోసం: ఒక మిద్దెతోట ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

ఈ ఏడాది మా మిద్దె మీద ఆకాకర కాయించాలన్నదే ఈ ప్రాజెక్టు. తెలంగాణలో బోడకాకర అనీ, ఆంధ్ర జిల్లాల్లో ఆకాకర, ఆగాకర అనీ పిలిచే ఈ కాయ తొలకరి కురిశాక హనుమకొండ కూరగాయల బజారులో కనిపించడం మొదలై, బతుకమ్మ పండుగ నాటికి పలచబడిపోతుంది. ఉన్న ఆ కొద్ది వారాల్లోనూ దాని ధర మామూలు కాకర ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. అడవి అంచుల్లో, చేల గట్ల మీద దానంతట అది పెరిగే తీగ ఇది. నాలుగు దుంపలు తెచ్చి నాటుకుంటే ఏటా వానకు మొలిచి కాపునిస్తుంది. ఇంత సులువైన పంట పట్టణపు ఇళ్లలో ఎందుకు కనిపించదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకొని ఉంది.

మా పెద్ద టబ్బులో నిరుడు నాటిన దుంప ఒకటి ఉంది. అది నిరుడు తొలకరికి మొలిచి, పందిరంతా అల్లుకొని, పసుపుపచ్చగా విరగబూసింది. ప్రతి పువ్వు కిందా నూగునూగు ముళ్లతో చిన్న పిందె ఉండేది, రెండు మూడు రోజుల్లో పండుబారి రాలిపోయేది. సీజను ముగిసేసరికి ఒక్క కాయ కూడా నిలవలేదు. బీర, సొర, దోస, మామూలు కాకర తీగలకు మగ పూలూ ఆడ పూలూ ఒకే తీగ మీద పూస్తాయి కాబట్టి ఒక్క పాదు ఉన్నా కాపు వస్తుంది. ఆకాకర తీరు వేరు. మొమోర్డికా డయోయికా అని వృక్షశాస్త్రం పిలిచే ఈ జాతిలో మగ పూలు పూసే తీగ వేరు, ఆడ పూలు పూసే తీగ వేరు. తాటిచెట్లలో పోతుతాడు విడిగా ఉన్నట్టే ఇక్కడా కాయని తీగ ఒకటి దగ్గరలో ఉండి తీరాలి. తోటల్లో సాగు చేసేవారు ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక మగ తీగ చొప్పున నాటుకుంటారు.

నా దగ్గర ఉన్నది ఆడ తీగ. వానలు పడేలోగా మగ తీగ దుంప ఒకటి సంపాదించాలి. విత్తనం వేసి చూడవచ్చు గానీ అందులో రెండు చిక్కులున్నాయి. కొత్త విత్తనం కొన్ని నెలలు నిద్రావస్థలో ఉండి వెంటనే మొలవదు. మొలిచినా సుమారు సగం మగవి, సగం ఆడవి వస్తాయి, ఏది ఏదో పూత వచ్చేదాకా తెలియదు. దుంపకు ఆ అనుమానం లేదు. మగ తీగ దుంప నుంచి ఎప్పుడూ మగ తీగే వస్తుంది. పైగా చలికాలం నుంచి తొలకరి దాకా దుంప నేలలో నిద్రపోతుంది గనుక ఈ నెలల్లో దాన్ని తవ్వి, కాగితంలో చుట్టి, ఎంత దూరమైనా పంపవచ్చు.

మే మొదటి వారం

ముందుగా ఫేస్‌బుక్‌లోని మిద్దెతోట, పెరటితోట బృందాల్లో పాత పోస్టులన్నీ వెదికాను. ఆకాకర అని వెదికితే గోదావరి జిల్లాల వారి పోస్టులు, బోడకాకర అని వెదికితే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పోస్టులు వచ్చాయి కాబట్టి నా పోస్టులో రెండు పేర్లూ రాయాలని నిర్ణయించుకున్నాను. వెదికినప్పుడు గమనించిన ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వందలకొద్దీ ఫొటోల్లో పళ్లెం నిండా కాయలున్నాయి, వేపుడు ఉంది, ఉల్లికారం పెట్టి వండిన కూర ఉంది. ఒక్క మగ తీగ ఫొటో కూడా లేదు. కాపు వచ్చినవారు కాయల్ని చూపిస్తారు. కాయని తీగను ఫొటో తీసి పదిమందికీ చూపించాలని ఎవరికీ తోచదు. నాకు కావలసినది సరిగ్గా ఎవరూ చూపించని ఆ తీగే.

అందుకని పోస్టును మామూలు పద్ధతిలో ‘బోడకాకర దుంపలు కావాలి’ అని రాయకుండా తిరగేసి రాశాను: “మీ ఇంట్లో గానీ చేను గట్టున గానీ ఏటా పూలు పూసి ఒక్క కాయ కూడా కాయని ఆకాకర (బోడకాకర) తీగ ఉందా? దాన్ని దయచేసి పీకేయవద్దు. దాని పువ్వు వెనకవైపు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి.” పక్కనే నా ఆడ తీగ నిరుటి ఫొటో, పువ్వు కింద పిందె స్పష్టంగా కనిపించేలా పెట్టాను.

జవాబులు రాత్రికే మొదలయ్యాయి. పూత నిలవడానికి పుల్లటి మజ్జిగ పిచికారీ చేయమన్నవారు చాలామంది. ఇంగువ నీళ్లు చల్లమన్నవారు కొందరు. వారి సదుద్దేశాన్ని నేను శంకించను. అయితే పుప్పొడే అందని పువ్వుకు ఏ పిచికారీ చేసినా పిందె నిలవదు. ఎక్కువమంది చూసిన వీడియోల లంకెలూ వచ్చాయి, వాటిలో కూడా మగ తీగ ప్రస్తావన లేదు. నాకు నిజంగా పనికివచ్చిన మాటలు వచ్చింది మాత్రం సలహాకు ముందు నన్ను ఒక ప్రశ్న అడిగినవారి నుంచే: పువ్వు ఏ వేళ విచ్చుకుంటోంది? ఆకు అంచులు ఎలా ఉన్నాయి? తీగ దుంప నుంచి వచ్చిందా, విత్తనం నుంచా? ఈ ప్రశ్నలు అడిగినవారి పేర్లు విడిగా రాసిపెట్టుకున్నాను. వారిలో ఒకరు ఉద్యాన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన పెద్దాయన. తర్వాతి నెలల్లో నాకు వచ్చిన ప్రతి సందేహానికీ ఆయన ఓపికగా సమాధానం రాశారు.

మే మూడో వారం

మూడు చోట్ల నుంచి ఆశ కలిగించే కబురు వచ్చింది.

మొదటిది శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు దగ్గరి ఒక ఊరి నుంచి. పెరట్లో మగ తీగ ఉందనీ, దుంప పంపుతాననీ ఒక గృహిణి రాసి, నిరుడు తన ఫోనులో తీసిన ఫొటో పెట్టారు. పువ్వు పెద్దది, వెన్న రంగులో ఉంది, రేకుల మొదట్లో ముదురు మచ్చ కనిపిస్తోంది. పెద్దాయన వెంటనే ఆమెను, “అమ్మా, మీ పువ్వు పొద్దున విచ్చుకుంటుందా, సాయంత్రమా?” అని అడిగారు. తెల్లవారే వేళకే విచ్చుకుంటుందని ఆమె జవాబిచ్చారు. అక్కడ విషయం తేలిపోయింది. మనం బోడకాకర అనే జాతి పూలు పొద్దు వాలాక విచ్చుకొని రాత్రంతా పరిమళిస్తాయి. ఆమెది దాని దగ్గరి బంధువైన మరొక జాతి, మొమోర్డికా సబాంగ్యులేటా. ఒడిశా, బెంగాల్, అస్సాం వైపు విస్తారంగా పండించే ఆ తీగకు కాయ పెద్దగా ఉంటుంది, కాపు బాగుంటుంది. భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి కొడగులోని చెట్టళ్లి కేంద్రం నుంచి వచ్చిన అర్కా భరత్ ఆ జాతిలోని రకమే. అయితే మన ఆకాకరకు క్రోమోజోములు 28, దానికి 56. కాబట్టి ఆ పుప్పొడి మీద ఆధారపడి నా తీగకు నమ్మకంగా కాపు ఆశించే వీలు లేదు. తూకానికి చూస్తే రెండూ కూరగాయలే, రెండూ రుచికరమైనవే. జత కుదర్చడానికి మాత్రం అవి వేరు వేరు. పువ్వు విచ్చుకునే వేళ గురించిన ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే దుంప తెప్పించి, నాటి, మరో ఏడాది పోగొట్టుకునేవాళ్లం. ఆమెకు ఆ తీగలో ఆడదీ ఉంది గనుక ఆమె పంట నిశ్చింతగా సాగుతోంది.

రెండోది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి. ఒక యువరైతు వాట్సాప్‌లో రాసిన సందేశాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను: “అక్కా, మా చేను గట్టు మీద గొడ్డు తీగ ఒకటి ఉంది. ఏటా మస్తు పూస్తది, కాయదు. మా అమ్మ పీకెయ్యమంటది, నేనే ఉంచిన. గట్టు మీద మిగతా తీగలన్నీ మంచిగ కాస్తయి.” అతడు పంపిన ఫొటోలో పువ్వు కింద పిందె లేదు, కాడ చివర, పువ్వుకు సరిగ్గా దిగువన, చిప్పలా ముడుచుకున్న ఒక చిన్న ఆకు ఉంది. అది మగ మొగ్గను కప్పి ఉంచే పత్రం. ఆడ పువ్వు కాడ మీద అలాంటిది అంత పెద్దగా, అంత పైన ఉండదు. కాబట్టి మొగ్గ విచ్చుకోకముందే, ఆ చిప్పను చూసి మగ తీగను గుర్తుపట్టవచ్చు. నాకు ఈ ప్రాజెక్టులో దొరికిన అతి విలువైన ఆనవాలు ఇదే.

అతడి మాటల్లో మరొక సంగతి కూడా గమనించాను. గట్టు మీద మిగతా తీగలన్నీ బాగా కాయడానికి కారణం అతడు పీకకుండా ఉంచిన ఆ తీగే. ఆ మాట అతడికి వివరంగా రాశాను. వాళ్ల అమ్మగారికి చదివి వినిపించాననీ, ఇక ఆమె దాని జోలికి పోనన్నదనీ మర్నాడు జవాబు వచ్చింది.

మూడో కబురు నేను ఏమాత్రం ఎదురుచూడనిది. కాజీపేటలో ఉంటున్న ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి రాశారు. ఆయన ఇంటి ఆవరణలో గోడ పొడుగునా బోడకాకర తీగ ఉంది, పూలు విపరీతంగా పూస్తుంది, పిందె అన్న మాటే లేదు; ఏదో తెగులు అనుకొని ఏళ్లుగా మందులు కొట్టి చూశారట. కాజీపేట మా ఇంటికి పక్కనే. నా తీగకు పిందెలున్నా నిలవవు, ఆయన తీగకు పిందెలే లేవు. ఇన్నాళ్లూ రెండు తీగలూ ఇంత దగ్గరలో విడివిడిగా పూసి రాలిపోతూ వచ్చాయి. ఒకవేళ ఒకే వీధి వాళ్లమైనా ఈ మాట ఎదురుపడి చెప్పుకునే సందర్భం వచ్చేది కాదేమో, ఎందుకంటే కాయని తీగ గురించి ఎవరు ఎవరితో మాట్లాడతారు?

జూన్

ఉట్నూరు దుంప ఆర్టీసీ కార్గోలో వచ్చింది. అడవిలో తవ్వినది కాదనీ, సొంత చేను గట్టుదేననీ ముందే అడిగి తెలుసుకున్నాను. సోషల్ మీడియాలో అడవి మొక్కలకు గిరాకీ పెంచేవారు ఈ ప్రశ్న తప్పక అడగాలని నా గట్టి అభిప్రాయం. కాయ కోస్తే తీగ బతికి ఉంటుంది, దుంప తవ్వుకుపోతే ఆ చోట ఇక ఏమీ మిగలదు. అతడు పెద్ద దుంపకు పక్కన వచ్చిన పిల్ల దుంపను మాత్రమే తీసి, తల్లి దుంపను గట్టులోనే ఉంచాడు. పొడి మట్టితో పాటు పాత దినపత్రికలో చుట్టి, ‘మగది, పై వైపు ఇటు’ అని కాగితం అంటించి పంపాడు.

పద్దెనిమిది అంగుళాల టబ్బులో ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో, కొంచెం ఇసుక, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి, దుంప పై భాగం రెండంగుళాల లోతులో ఉండేలా నాటాను. ఆకాకర దుంపకు నీరు నిలిస్తే కుళ్లుతుంది కాబట్టి టబ్బు అడుగు రంధ్రాల మీద పెంకుముక్కలు పరిచాను. ఆడ తీగ టబ్బుకు ఎర్ర రంగు, మగ తీగ టబ్బుకు నీలం రంగు పూశాను.

మొదటి గట్టి వానకే ఆడ దుంప మొలిచింది. ఉట్నూరు దుంప ఆలస్యం చేసింది. చోటు మారిన దుంప కుదురుకోవడానికి సమయం పడుతుందని పెద్దాయన ముందే హెచ్చరించారు. జూన్ చివరికి దాని మొలక కూడా మట్టిని తోసుకొని వచ్చింది.

జూలై

ఆడ తీగ పూతకు వచ్చేసరికి ఉట్నూరు తీగ ఇంకా మోకాలెత్తే ఉంది. ఇక కాజీపేట తీగే దిక్కు. ఆయనకు ఫోను చేస్తే, “తప్పకుండా తీసుకెళ్లండమ్మా, ఇన్నేళ్లకు దానికొక పని దొరికింది” అన్నారు. నాలుగు గంటల వేళ, ఆ సాయంత్రం విచ్చుకోవలసిన లావుపాటి మగ మొగ్గల్ని పొడవాటి కాడలతో కోసి, తడి దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి తెచ్చి, ఇంట్లో ఒక గ్లాసు నీళ్లలో నిలబెట్టాను. పొద్దు వాలేసరికి గ్లాసులోనే అవి విచ్చుకున్నాయి. అదే సమయానికి పందిరి మీద ఆడ పూలు కూడా విచ్చుకుంటున్నాయి.

చేయవలసిన పని చిన్నదే. మగ పువ్వు రేకులు తుంచేసి, మధ్యలో పుప్పొడితో నిండిన కేసరాలను ఆడ పువ్వు నడుమ ఉన్న కీలాగ్రం మీద మెత్తగా అద్దాలి. ఒక మగ పువ్వుతో రెండు మూడు ఆడ పూలకు అద్దవచ్చు. అద్దిన పువ్వు కాడకు రంగు దారం కట్టాను; కొన్ని పూలను కావాలనే అద్దకుండా విడిచిపెట్టి, వాటికి తెల్ల దారం కట్టాను. ఇలా పోల్చి చూడకపోతే నిలిచిన పిందె నా చేతి పని వల్ల నిలిచిందో, గాలి వల్లో, పురుగు వల్లో చెప్పడానికి ఆధారం ఉండదు.

తెల్ల దారం కట్టిన పిందెలన్నీ ఎప్పటిలాగే పండుబారాయి. రంగు దారం కట్టినవాటిలో అధిక భాగం ఆకుపచ్చగానే ఉండి, వారంలోగా గోలీకాయ పరిమాణం దాటి, ముళ్లు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషాన్ని ఇక్కడ దాచుకోను. ఫొటోలు తీసి ముందుగా కాజీపేటకు, తర్వాత ఉట్నూరుకు పంపాను.

బృందంలో పెట్టిన పోస్టులో మాత్రం మొదటి ఫొటో కాయది పెట్టలేదు. చిప్పతో ఉన్న మగ మొగ్గ ఫొటోను అన్నిటికంటే ముందు నిలిపి, దాని పక్కన పిందెతో ఉన్న ఆడ మొగ్గను పెట్టి, రెంటికీ తేడా నాలుగు వాక్యాల్లో రాశాను. దానికి వచ్చిన స్పందన మేలో వచ్చినదానికంటే వేరుగా ఉంది. ఈసారి సలహాలు తక్కువ, ఫొటోలు ఎక్కువ. నిజామాబాద్, ఖమ్మం, ఏలూరు, రాజమహేంద్రవరం, బెంగళూరు, ఇంకా ఎక్కడెక్కడివో పూల వెనకవైపు ఫొటోలు వచ్చి పడ్డాయి. పీకేద్దామనుకున్న తీగ మగదని తెలిసి ఆగినవారున్నారు. రెండు తీగలూ ఆడవేనని తేలినవారున్నారు. ఖమ్మంలో ఒకరి మగ తీగకూ, అదే పట్టణంలో మరొకరి ఆడ తీగకూ మధ్య ఉన్న దూరం నడిచిపోయేంతే. ఈ వివరాలన్నీ వ్యాఖ్యల అడుగున పూడిపోకుండా అందరూ చూడగలిగే ఒక పట్టిక తెరిచాను: ఊరు లేదా మండలం, తీగ మగదా ఆడదా, పువ్వు విచ్చుకునే వేళ, దుంప ఎక్కడి నుంచి వచ్చింది. ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు అందులో రాయవద్దని పైనే స్పష్టం చేశాను. ఎవరికి ఎవరు కావాలో వారు విడిగా సందేశం పెట్టుకుంటారు.

జూలై చివరి వారంలో చీకటి పడ్డాక పందిరి మీద ఒక పెద్ద చిమ్మట కనిపించింది. పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలిచి, ఒంటికంటే పొడవైన తొండాన్ని పువ్వులోకి చాపుతోంది. ఒంటికి రెండు వైపులా గులాబీ రంగు చారలున్నాయి. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, ఇప్పుడు ప్రపంచమంతటి ప్రకృతి ప్రేమికులు వాడుతున్న ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ఆ ఫొటో పెడితే, అది అగ్రియస్ కాన్వాల్వులి అనే హాక్‌మాత్ అని తెలిసినవారు నిర్ధారించారు. దాని గొంగళిపురుగులు చిలగడదుంప ఆకుల్ని తింటాయి. మా పక్క మిద్దె మీద చిలగడదుంప తీగలున్నాయి, వాటి ఆకులు తెగ కొరికి ఉంటున్నాయని ఆ ఇంటి ఇల్లాలు నాతో చాలాసార్లు అన్నారు. గొంగళిపురుగును వాళ్ల మిద్దె మేపుతోంది, రెక్కలొచ్చాక అది మా పందిరికి వస్తోంది. ఈ సంగతి చెప్పాక ఆమె ఒక టబ్బు తీగను ఆ పురుగులకే విడిచిపెడతానన్నారు.

ఆగస్టు

ఉట్నూరు మగ తీగ పూతకు వచ్చింది. కాజీపేట వెళ్లవలసిన అవసరం తగ్గింది గానీ వెళ్లడం మానలేదు. ఆయన గోడకు ఈసారి ఆడ తీగ పెట్టాలని నిశ్చయించుకున్నాం. నా తీగ ఈ ఏడాది దుంప పెంచుకున్నాక, దాని నుంచి ఒక ముక్క ఆయనకు ఇవ్వాలి.

పురుగుల కాలం కూడా ఇదే. ఆకుల మీద పచ్చదనం గీకి, జల్లెడలా మిగిల్చిన మచ్చలు కనిపించాయి. వాటి మీద చుక్కల చుక్కల పెంకుపురుగులున్నాయి. అక్షింతల పురుగులు పేనుబంకను తిని మేలు చేస్తాయి కదా, వీటిని చంపకూడదని బృందంలో చాలామంది ఆపారు. పెద్దాయన దగ్గరి ఫొటో అడిగి, రెక్కల మెరుపు చూడమన్నారు. మేలు చేసే అక్షింతల పురుగుల వీపు నున్నగా, పాలిష్ పెట్టినట్టు మెరుస్తుంది. నా ఆకుల మీద ఉన్నవాటి వీపు మీద సన్నని నూగు ఉంది, మెరుపు లేదు, చుక్కలు ఇరవై ఎనిమిది. ఇవి ఆకు తినే ఎపిలాక్నా పురుగులు. వంగ, కాకర జాతి తోటలకు పాత శత్రువులు. ఆకు అడుగున నిలువుగా గుంపుగా పెట్టిన పసుపుపచ్చని గుడ్లను, ముళ్లముళ్ల పిల్లపురుగులను చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేశాను. మిద్దెతోటకు అంతకుమించి మందు అక్కర్లేదు. అదే తీగ చివర్లో పేనుబంక దగ్గర తిరుగుతున్న నున్నని పురుగుల్ని అలాగే ఉండనిచ్చాను.

పండు ఈగ విషయంలోనూ ఇలాంటి సవరణే జరిగింది. కాయ మీద సూది పొడిచినంత గాటు, దాని చుట్టూ మెత్తబడిన మచ్చ కనిపిస్తే లోపల ఈగ గుడ్లు పెట్టినట్టు. మామిడి తోటల్లో వాడే మిథైల్ యూజినాల్ ఎర పెట్టమని పలువురు రాశారు. ఆ ఎర మామిడిని పట్టే ఈగ జాతికి పనిచేస్తుంది. దోస, కాకర జాతి కాయల్ని పట్టే ఈగకు క్యూ ల్యూర్ అనే వేరే ఎర కావాలి. ఆ ఎరలు రెండూ మగ ఈగల్నే రప్పిస్తాయి గనుక గుడ్లు పెట్టే ఆడ ఈగ నుంచి ఈ ఏడాది కాయను అవి పూర్తిగా కాపాడలేవు. అందువల్ల ఎర పెడుతూనే, ఎదిగే కాయలకు పాత చున్నీ గుడ్డతో కుట్టిన సంచులు తొడిగాను. గాటు పడ్డ కాయల్ని కుప్పలో వేయకుండా బిగించిన కవర్లో పెట్టి ఎండలో ఉడికించి పారవేశాను.

పిందె నిలిచాక పన్నెండు నుంచి పదిహేను రోజుల మధ్య కాయ కోయాలి. అంతకు మించితే గింజ ముదిరి కూరకు పనికిరాదు. తొలి కోతలో సగం కాజీపేటకు పంపాను. ఆయన శ్రీమతి వాటితో ఎండుకొబ్బరి, వెల్లుల్లి కారం వేసి వేపుడు చేసి, గిన్నెలో మా ఇంటికే తిరిగి పంపారు.

సెప్టెంబరు

కొన్ని కాయల్ని విత్తనానికి తీగ మీదే వదిలాను. అవి నారింజ రంగుకు తిరిగి, పగిలి, లోపలి ఎర్రని గుజ్జు కనిపించేలా విచ్చుకున్నాయి. గుజ్జు కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టి, పొట్లాల మీద ‘తల్లి: హనుమకొండ, తండ్రి: కాజీపేట’ అనీ, ‘తండ్రి: ఉట్నూరు’ అనీ విడివిడిగా రాశాను. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి హక్కు ఉంది. ఆ చట్టం కింద రక్షణ పొందిన రకం విత్తనాన్ని మాత్రం బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు. మా బృందంలో కొందరు విత్తనం పంచుకోవడానికే జంకుతున్నందువల్ల ఈ మాట అక్కడ కూడా రాశాను.

డాలస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం వారు దుంప పంపగలరా అని ఎంతో ఆపేక్షగా అడిగారు. వారి పెద్దలది మంచిర్యాల వైపు ఊరట. వారికి కాదని చెప్పడం కష్టమనిపించినా చెప్పాను. మట్టిలో పెరిగిన దుంపను గానీ, విత్తనాన్ని గానీ ఆ దేశ వ్యవసాయ శాఖ అనుమతి, అవసరమైన ధ్రువపత్రాలు లేకుండా కవర్లో పెట్టి పంపకూడదు. 2020లో అమెరికాలో చాలామందికి తాము అడగని విత్తనాల పొట్లాలు తపాలాలో వచ్చినప్పుడు, వాటిని నాటవద్దని అక్కడి అధికారులు దేశమంతా హెచ్చరించవలసి వచ్చింది. తెలియని పురుగు, తెగులు, కలుపు ఏది దాటిపోయినా నష్టం ఒక పెరటితో ఆగదు. అనుమతి పొందే మార్గాన్ని వారే విచారిస్తున్నారు. ఈలోగా చేతితో పుప్పొడి అద్దే వీడియో ఒకటి వారి కోసం తీసి పంపాను. వారి పెరట్లో సొర తీగకు తేనెటీగలు రాక పిందెలు రాలుతున్నాయట, అదే పద్ధతిని దాని మీద ప్రయత్నించారు. సొర పువ్వు కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక పని జరిగిపోతోందని రాశారు.

నవంబరు

తీగలు ఎండిపోయాయి. నీళ్లు ఆపి, మట్టి పూర్తిగా ఆరనిచ్చి, ఆడ దుంపను తవ్వాను. నిరుటి దుంప బాగా లావెక్కింది. ఒక్కో ముక్కకు కనీసం ఒక కన్ను ఉండేలా కోసి, కోతల మీద బూడిద అద్ది, నీడలో ఆరబెట్టాను. ఒక ముక్క కాజీపేటకు, ఒకటి ఖమ్మంలో మగ తీగ మాత్రమే ఉన్నవారికి, మరొకటి నిజామాబాద్‌కు వెళ్తున్నాయి. పెద్ద ముక్క మా టబ్బులోకే తిరిగి వెళ్లింది. ఉట్నూరు మగ దుంప ఇంకా చిన్నది. దాన్ని ఈ ఏడాది కదిలించను.

ప్రతి పొట్లంలో ఒక చీటీ పెడుతున్నాను: ఆడది, సాయంత్రం పూచేది, హనుమకొండ మిద్దె, కాజీపేట, ఉట్నూరు మగ తీగలతో కాయించినది, పై వైపు ఇటు. ఈ చీటీ ఫొటోను కూడా పట్టికలో చేర్చాను, ఎందుకంటే దుంప చేతులు మారే కొద్దీ కాగితం పోతుంది, ‘బోడకాకర దుంప’ అన్న పేరు ఒక్కటే మిగులుతుంది, ఇంకొకరి పందిరి మీద మళ్లీ పిందెలు రాలడం మొదలవుతుంది. అందుకున్నవారు వచ్చే జూలైలో తొలి మొగ్గ వెనకవైపు ఫొటో పట్టికలో పెట్టాలన్నది నేను పెట్టిన ఒకే ఒక షరతు.

పట్టికను ఈ వారం తిరిగి చూస్తే ఆడ తీగల వరుసలు చాలా ఉన్నాయి, మగ తీగలవి ఇంకా తక్కువే. కృష్ణకు దక్షిణాన, ముఖ్యంగా ప్రకాశం, కర్నూలు, కడప జిల్లాల వరుసలు ఖాళీగా ఉన్నాయి. నల్లమల చుట్టుపక్కల ఊళ్లలో పొలం గట్ల మీద కాయని తీగలున్నవారిని వెదకడం తర్వాతి పని. దుంపలు నిద్రలేవకముందే, ఏప్రిల్‌లోగా, ఆ పోస్టు రాయాలి. ఉట్నూరు తమ్ముడు తన గట్టు మీది మగ తీగ చుట్టూ రాళ్లు పేర్చి, గట్టు చెక్కేటప్పుడు ఎవరూ నరకకుండా గుర్తు పెట్టిన ఫొటో పంపాడు. ఆ పోస్టుకు మొదటి ఫొటోగా అదే పెడతాను.